అసెంబ్లీకి ఊరికే వెళ్ళొద్దాం

"పాస్ ఎవరిప్పించారమ్మా?"

ఆస్టిన్‌లో టెక్సస్ క్యాపిటల్, అంటే ఆ రాష్ట్ర చట్టసభ భవనం మెట్లెక్కుతూ నాన్న అడిగిన మొదటి ప్రశ్న అది. మార్చి నెల, సభలు నడుస్తున్న రోజులు. పాస్ అక్కర్లేదన్నాను. "మరి ఆధార్ లాంటిదేదైనా?" అదీ అక్కర్లేదు. "ఎవర్ని కలవడానికని రాయిస్తారు?" ఎవర్నీ కలవక్కర్లేదు, ఎక్కడా ఏమీ రాయక్కర్లేదు. నాన్న మెట్టు మీదే ఆగిపోయాడు. "అంటే, పనేం లేకుండానే అసెంబ్లీలోకి పోతున్నామా?"

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఇండియా నుంచి ఎవరొచ్చినా మేం తిప్పే చోట్లు మూడు: గుడి, కాస్ట్‌కో, క్యాపిటల్. ఆ లెక్కన ఆ భవనంలోకి ఏ ఇరవైసార్లో వెళ్ళుంటాను. గుమ్మటం కింద నిలబడి తల పైకెత్తడం, ఫొటో దిగడం, బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తినడం. పని లేకుండా వెళ్తున్నానన్న ఆలోచన ఒక్కసారి కూడా రాలేదు. నాన్న అడిగాకే అది నాలో తిరగడం మొదలైంది.

ఇప్పుడు నా అభిప్రాయం ఇది. చట్టసభ భవనం మంచి చెడ్డలు తేల్చడానికి నాకు ఒకటే కొలత కావాలి: పని లేని మనిషి అందులో ఎంతసేపు ఉండొచ్చు? ఎత్తు, రాయి, గుమ్మటం, లైటింగ్, అవన్నీ ఆ తర్వాత. ఈ కొలత మీద నాకే బోలెడు అనుమానాలున్నాయి. వాటినీ దాచను.

తెలుగులో అసెంబ్లీ అన్న మాట పక్కన ఏ మాటలు చేరతాయో చూడండి. అసెంబ్లీ ముట్టడి. చలో అసెంబ్లీ. ముట్టడి అన్నది శత్రువు కోటకి వాడే మాట. మనం ఓట్లేసి పంపినవాళ్ళు కూర్చునే ఇంటికి మనమే దాన్ని వాడుతున్నాం, చెవికి ఎబ్బెట్టుగా కూడా లేదు. పిలుపు ఇవ్వగానే ముందురోజు రాత్రి గృహనిర్బంధాలు, పొద్దున్నే బారికేడ్లు, మధ్యాహ్నానికి వ్యాన్లు. మిగతా రోజుల్లో ఎమ్మెల్యే సిఫారసుతో గ్యాలరీ పాస్. ఈ రెండూ కాకుండా అక్కడికి వెళ్ళే మూడో పద్ధతికి మన దగ్గర మాటే లేదు. హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లో పొద్దున నడకకి వెళ్ళేవాళ్ళకి ఆ తెల్ల గుమ్మటాలు కనిపిస్తూనే ఉంటాయి. 1913లో ఆ భవనం పూర్తయినప్పుడు దాని పేరు టౌన్ హాల్. పేరులో ఊరుండేది. ఇప్పుడు ఊరు కంచె ఇవతల వాకింగ్ చేస్తోంది.

నాన్న చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో కాటా దగ్గర గుమాస్తాగా ముప్ఫై ఏళ్ళు చేశాడు. ఒకసారి కూలీల బకాయిల గురించి అర్జీ పట్టుకుని నలుగురు కలిసి హైదరాబాద్‌లో ఏదో పెద్దాఫీసుకి వెళ్ళారు. పాస్ రాసే మనిషి భోజనానికి వెళ్ళాడన్నారు. సాయంత్రం దాకా ఎదురుగా టీ బంకు దగ్గర కూర్చుని రాత్రి బండికి తిరిగొచ్చేశారు. నాన్న ఈ కథ కోపంగా చెప్పడు. అక్కడి టీ బాగుందన్న సంగతితో సహా, తీర్థయాత్రకి వెళ్ళొచ్చినట్టు చెబుతాడు. చిన్నప్పటి నుంచీ నాకది నవ్వుకునే కథే.

గుమ్మంలో తనిఖీ ఉంది, లేకపోలేదు. 2010 జనవరిలో ఒకతను ఈ దక్షిణం మెట్ల మీదే నిలబడి గాల్లోకి కాల్పులు జరిపాక మెటల్ డిటెక్టర్లు పెట్టారు. మేం బెల్టులు, ఫోన్లు ట్రేలో పెడుతుంటే పక్క వరసలోంచి ఒకాయన కార్డు చూపించి దర్జాగా లోపలికి వెళ్ళిపోయాడు. ఆయనెవరని అడిగాడు నాన్న. తుపాకీ లైసెన్సున్నవాళ్ళకి వేరే వరస అని చెప్పాను. తుపాకీతోనే లోపలికి వెళ్ళొచ్చు.

"తుపాకీ ఉన్నాయన్ని వెతకరు. నా చేతిలో అగ్గిపెట్టె కూడా లేదు, నన్ను వెతుకుతారు."

నా దగ్గర జవాబు లేదు. ఈ రాష్ట్రంలో పదేళ్ళుగా ఉంటున్నా ఇప్పటికీ లేదు.

రాయి సంగతి

లోపల అందరూ గుమ్మటం చూస్తారు. పైన నక్షత్రం, దాని కొనల మధ్య టెక్సస్ అన్న అక్షరాలు, గోడల చుట్టూ గవర్నర్ల పటాలు. కొత్త పటం ఒకటి వచ్చిందంటే పాతవన్నీ తలో స్థానం జరగాలి. నాలుగో తరగతిలో టెక్సస్ చరిత్ర పాఠాలుంటాయి కాబట్టి మా అమ్మాయి ఇవన్నీ తాతయ్యకి గైడులా చెప్పుకుపోతోంది. భవనం ఎత్తు 302 అడుగుల పైచిలుకు, వాషింగ్టన్‌లో ఉన్న దేశ చట్టసభ భవనంకంటే కూడా ఎక్కువ అని చెప్పేటప్పుడు దాని గొంతులో టెక్సస్ పొగరు వినపడింది. (1986లో గుమ్మటం మీద కొత్త విగ్రహం నిలబెట్టడం టెక్సస్ వాళ్ళ హెలికాప్టర్ వల్ల కాలేదు. మిసిసిపీ నుంచి ఇంకోటి తెప్పించుకోవాల్సొచ్చింది. ఈ ముక్క స్కూల్లో చెప్పినట్టు లేరు.)

నాన్న మాత్రం వీటిలో ఏదీ సరిగ్గా వినలేదు. బయట ఉన్నప్పుడే ఎర్ర గ్రానైట్ గోడకి అరచెయ్యి ఆనించి కాసేపు నిలబడ్డాడు. ఈ రాయి ఎక్కడిదన్నాడు. మార్బుల్ ఫాల్స్ దగ్గర గ్రానైట్ మౌంటెన్ అని ఒక కొండ ఉంది, అక్కడిది. ముందు ఇక్కడి సున్నపురాయితోనే కడదామనుకున్నారు. అది బయట పెడితే చారలు తేలి రంగు మారుతోందని వదిలేశారు. ఆ కొండ యజమానులు రాయిని ఉచితంగా ఇచ్చారు. 15 వేలకు పైగా రైలు వ్యాగన్లలో తరలించారు.

"ఫ్రీగానా? కాటా కూడా వెయ్యకుండా?"

కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు కూర్చున్న మనిషికి అన్నిటికంటే నమ్మశక్యం కానిది అదే. ఎవరు కొట్టారన్నది తర్వాతి ప్రశ్న. ఖైదీలు. రాష్ట్రం జైళ్ళలోంచి మనుషుల్ని క్వారీకి పంపింది. ఖైదీలతో పని చేయించడం ఒప్పుకోమని 1885లో రాళ్ళు చెక్కేవాళ్ళ సంఘం పనిని బహిష్కరించింది. కాంట్రాక్టర్ గస్ విల్కీ వెనక్కి తగ్గలేదు, స్కాట్లాండ్‌లోని అబర్డీన్ వైపు నుంచి మనుషుల్ని రప్పించాడు. 62 మంది ఆస్టిన్ దాకా వచ్చారు. విదేశాల నుంచి కూలీలను కాంట్రాక్టు మీద తీసుకురాకూడదని అదే ఏడాది చట్టమొచ్చింది. కేసు నడిచి విల్కీకి జరిమానా పడింది.

"అంటే మీ వీసా కేసే," అన్నాడు నాన్న. ఆస్టిన్ పక్కనే రౌండ్ రాక్‌లో మా వీధిలో ఏ ఇంటికెళ్ళినా చాయ్‌తో పాటు వచ్చే టాపిక్ అది. ఇరవై రోజుల్లో ఆయనకీ వంటబట్టింది. నూట నలభై ఏళ్ళ కిందట ఇదే ఊళ్ళో, అక్కడివాళ్ళ పని బయటివాళ్ళతో చేయిస్తున్నారన్న గొడవలో, ఆ బయటివాళ్ళు తెల్లవాళ్ళు. నాకు ఆ విషయం కొంచెం హాయిగా అనిపించిందని ఒప్పుకుంటాను.

డబ్బు సంగతి ఇంకా పెద్దది. టెక్సస్ దగ్గర డబ్బు లేదు, భూమి ఉంది. 1879లో శాసనసభ రాష్ట్రానికి ఉత్తర కొసన ఉన్న పాన్‌హ్యాండిల్ ప్రాంతంలో 30 లక్షల ఎకరాలు దీనికోసం పక్కన పెట్టింది. షికాగో పెట్టుబడిదారులు భవనం కట్టించి ఆ భూమి తీసుకున్నారు. ఎక్స్ఐటి రాంచ్ అని పెద్ద పశువుల సామ్రాజ్యం అక్కడే పుట్టింది. అంత భూమి ఖాళీగా ఎలా ఉందంటే, దానికి నాలుగైదేళ్ళ ముందే అక్కడి ఆదివాసులైన కొమాంచీలనీ కయోవాలనీ సైన్యం అక్కణ్ణుంచి తరిమేసింది. మన అమరావతికి రైతులిచ్చింది 33 వేల ఎకరాల పైమాటే. నాన్న వేళ్ళ మీద లెక్కేసి, ఇది దానికి తొంభై రెట్లన్నాడు. మన దగ్గర కనీసం ఇచ్చినవాడెవడో, ఏ సర్వే నంబరో తెలుసు, ఆ రైతులు ధర్నాలు కూడా చెయ్యగలిగారు అని నేనన్నాను. ఆయన ఏమీ అనలేదు.

ఇక్కడే నా కొలతకి మొదటి దెబ్బ తగులుతుంది. 1888లో ఈ తలుపులు తెరిచినప్పుడు రాయి కొట్టిన ఖైదీ లోపలికి రాలేడు, భూమి పోగొట్టుకున్న కొమాంచీ రాలేడు. అందరికీ తెరిచిన తలుపు అని ఇవాళ నేను మురిసిపోతున్నది వాళ్ళని బయట ఉంచి బిగించిన తలుపే. దీనికి సర్దిచెప్పుకునే దారి నాకు దొరకలేదు. అయినా కొలత వదులుకోను. పుట్టుక బాగోలేదని ఇవాళ తలుపు మూసేస్తే ఆ ఖైదీకి ఒరిగేదీ లేదు.

తోటలో నడిచే మనిషి

భవనం చుట్టూ 22 ఎకరాల తోట. చెట్లు, ఉడతలు, గ్రాడ్యుయేషన్ గౌన్లలో ఫొటోలు దిగే పిల్లలు, పదిహేనేళ్ళ వేడుక కోసం బుట్టలాంటి గౌను వేసుకొచ్చిన మెక్సికన్ అమ్మాయిలు. వీళ్ళ మధ్యలో స్మారకాలు. దక్షిణం గేటు నుంచి వచ్చే దారిలో 1903లో పెట్టిన కాన్ఫెడరేట్ (1860ల అంతర్యుద్ధంలో దేశం నుంచి విడిపోతామన్న దక్షిణాది రాష్ట్రాల) స్మారకం ఉంది, నలుగురు సైనికుల మధ్య పైన వాళ్ళ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్. అదే తోటలో 2012లో తెహానోల (మెక్సికన్ మూలాలున్న టెక్సస్ వాళ్ళ) స్మారకం, 2016లో ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర స్మారకం వచ్చాయి. కొత్తవి వచ్చాయి గానీ పాతది కదల్లేదు. ఆ అంతర్యుద్ధం బానిసత్వం కోసం జరగలేదని చెప్పే ఫలకం ఒకటి భవనం లోపల 1959 నుంచి ఉండేది. దాన్ని మాత్రం 2019 జనవరిలో తీసేశారు. అరవై ఏళ్ళు పట్టింది.

"తాతయ్యా, వీళ్ళు ఓడిపోయినవాళ్ళు," అంది మా అమ్మాయి. ఓడిపోయినవాళ్ళకి అంత ఎత్తు దిమ్మ ఎందుకన్నాడు నాన్న. అది నా వైపు చూసింది. నేను ఉడతల వైపు చూశాను.

ఈ తోటలో నాకిష్టమైన కథ ఒక మనిషిది. వాయవ్యం వైపు, రాష్ట్ర సుప్రీంకోర్టు భవనానికి వెళ్ళే దారిలో, బైబిల్లోని పది ఆజ్ఞలు చెక్కిన ఆరడుగుల రాయి ఉంది. 1961లో ఒక సంఘం కానుకగా ఇచ్చింది. థామస్ వాన్ ఓర్డెన్ అనే ఆయన రోజూ దాని పక్కనుంచి నడిచి రాష్ట్ర న్యాయ గ్రంథాలయానికి వెళ్ళేవాడు. ఒకప్పుడు లాయరు. లైసెన్సు పోయింది, ఇల్లు లేదు, గుడారంలో పడుకునేవాడు. గ్రంథాలయం చల్లగా ఉంటుంది, పుస్తకాలుంటాయి, ఎవరూ వెళ్ళమనరు. ప్రభుత్వ స్థలంలో మతపరమైన రాయి ఎందుకుండాలని ఆయనకి అనిపించింది. ఆ గ్రంథాలయంలోనే కూర్చుని, తనే దావా రాసుకుని, రాష్ట్రం మీద వేశాడు. అది అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది.

2005లో 5–4తో ఓడిపోయాడు. రాయి ఇంకా అక్కడే ఉంది.

ఓడిపోయాడు కదా, దీన్ని పట్టుకుని ఏం సాధిస్తావని మా ఆయన అన్నాడు. నేను చూస్తున్నది తీర్పుని కాదు, ఆ రోజువారీ నడకని. మాసిన బట్టలతో ఒక మనిషి ఏళ్ళ తరబడి ప్రభుత్వ తోటలోంచి ప్రభుత్వ గ్రంథాలయానికి నడిచాడు. ఏం పనయ్యా నీకిక్కడ అని అడిగే బంట్రోతు దారిలో ఒక్కడున్నా ఆ కేసు పుట్టేదే కాదు. ఆ రాయిని రోజూ చూసి, రోజూ విసుక్కుని, ఓ రోజు కలం తీయాలంటే ముందు ఆ దారిలో తిరగడానికి చోటుండాలి. పనున్న మనిషి ఆ రాయిని చూడడు. నేను ఇరవైసార్లు వెళ్ళాను, ఒక్కసారీ చూడలేదు.

మైకు ముందు

అసలు అనుమానం ఇది. తిరగనిస్తారు సరే, వింటారా?

భవనానికి ఉత్తరాన నేల కింద నాలుగు అంతస్తులున్నాయి. పాత భవనం అందం పాడవకుండా బండలోకి తవ్వి 1993లో పూర్తి చేశారు. నాన్న పైనుంచి ఆ వెలుతురు గుంటలోకి తొంగి చూసి "క్వారీ గుంతలో ఆఫీసులు పెట్టారు" అన్నాడు. కమిటీ విచారణలు చాలావరకు అక్కడే జరుగుతాయి. ఏదైనా బిల్లు మీద ఎవరైనా వచ్చి మాట్లాడొచ్చు. అక్కడున్న యంత్రంలో పేరు కొట్టి, అనుకూలమా, వ్యతిరేకమా, తటస్థమా అని చెప్పాలి. మాట్లాడటం ఇష్టం లేకపోతే అభిప్రాయం నమోదు చేసి వెళ్ళిపోవచ్చు, పేరు జాబితాలో ఉంటుంది. వీసా మీదున్నవాళ్ళూ, అసలు కాగితాలే లేని విద్యార్థులూ ఆ మైకు ముందు మాట్లాడారు.

ఆమధ్య ఒక స్కూళ్ళ బిల్లు మీద నేనూ వెళ్ళాను. మధ్యాహ్నం పేరు నమోదు చేసుకున్నాను. గొంతు తడారిపోయేంత టెన్షన్. రెండు నిమిషాల ప్రసంగం పదకొండుసార్లు చదువుకున్నాను. పక్క కుర్చీలో ఒక పెద్దావిడ లబ్బక్ నుంచి కారు నడుపుకుంటూ వచ్చిందట, ఆరు గంటల ప్రయాణం. ఊలు అల్లుకుంటూ కూర్చుంది. సాయంత్రం ఏడయింది, తొమ్మిదయింది. నా ముందు ఇంకా చాలా పేర్లున్నాయి. తెల్లారి ఎనిమిదింటికి ఆఫీసు మీటింగ్. కాగితం మడిచి బ్యాగులో పెట్టుకుని వచ్చేశాను. "వెళ్తున్నావా?" అందావిడ, కళ్ళు అల్లిక మీంచి ఎత్తకుండానే. ఆమె వంతు ఎన్నింటికొచ్చిందో తెలీదు గానీ, ఇక్కడ విచారణలు అర్ధరాత్రి దాటడం మామూలే.

దీని మీద నా ఫ్రెండొకతను అన్న మాట మర్చిపోలేను. "మనవాళ్ళు గేటు దగ్గర ఆపుతారు, వీళ్ళు లోపల కూర్చోబెట్టి ఆపుతారు." పైగా ఎల్ పాసో నుంచి ఇక్కడికి 9 వందల కిలోమీటర్ల పైనే, ఇంచుమించు ఇచ్ఛాపురం నుంచి తడ దాకా. సభ రెండేళ్ళకోసారి 140 రోజులు కూర్చుంటుంది. కూలి పోగొట్టుకుని ఇంత దూరమొచ్చి రాత్రి దాకా కాచుకునే ఓపిక ఎవరికుంటుంది? ఖాళీ ఉన్నవాళ్ళకి, డబ్బు తీసుకుని అదే పని చేసే లాబీయిస్టులకి. నా కొలతలో "పని లేని మనిషి" అన్నాను కదా, నిజానికి అలా తీరిగ్గా ఉండగలగడం కూడా ఒక ఆస్తేనేమో.

2013 జూన్ 25 రాత్రి సంగతి కూడా ఉంది. అబార్షన్లను కట్టడి చేసే బిల్లు గడువులోపు ఓటింగ్‌కి రాకుండా సెనేటర్ వెండీ డేవిస్ కూర్చోకుండా, దేనికీ ఆనుకోకుండా దాదాపు 11 గంటలు మాట్లాడింది. ఆమెని ఆపించాక గ్యాలరీలో జనం అరిచారు. గుమ్మటం కింద ఇసకేస్తే రాలనంత జనం. ఆ అరుపుల్లో అర్ధరాత్రి గడువు దాటిపోయింది. మూడు వారాల్లోపే మళ్ళీ సభ పిలిచి అదే బిల్లు నెగ్గించుకున్నారు. ఆ చట్టంలో ముఖ్యమైన భాగాలను 2016లో సుప్రీంకోర్టు కొట్టేసింది, తర్వాత కాలం మళ్ళీ కట్టడి వైపే తిరిగింది. తెరిచిన తలుపు వల్ల ఏమైంది? ఒక్క రాత్రి ఆగింది, అంతే. నేనైతే ఆ ఒక్క రాత్రిని చిన్నదనుకోను. మా ఫ్రెండు అనుకుంటాడు. మా వాదన ఇంకా తెగలేదు.

భద్రత మాటేమిటని కూడా అడగొచ్చు. 2001లో మన పార్లమెంటు మీద దాడిని చూసినవాళ్ళం, అది ఉత్త సాకు అని నేననను. అయితే పాసులు, సిఫారసులు అంతకు ముందు నుంచే ఉన్నాయి. ఇక్కడా తలుపు అన్ని వేళలా తెరిచే ఉండలేదు. కరోనాకి 2020 మార్చిలో మూశారు, 2021 జనవరి మొదట్లో తెరిచారు, వాషింగ్టన్‌లో దేశ చట్టసభ భవనం మీద దాడి తర్వాత అదే నెలలో కొన్ని రోజులు మళ్ళీ మూశారు. మళ్ళీ తెరిచారు కూడా. మన దగ్గర నేను అడిగేది తుపాకుల వరస కాదు, ఆ రెండోసారి తెరవడం. సభ లేని రోజుల్లో, ఫోన్లు ట్రేలో పెట్టించుకునే, ఒక గుంపు స్కూలు పిల్లల్ని, ఒక రిటైరైన గుమాస్తాని ఆ వరండాల్లో ఊరికే తిరగనిస్తే ఏం పోతుంది? కొత్త అసెంబ్లీలు కట్టుకుంటున్న కాలంలో గుమ్మటం ఎన్ని అడుగులన్న దాని మీద జరిగిన చర్చలో పదో వంతు కూడా దీని మీద జరగలేదు.

ఆ తర్వాతి వారం నాన్నే అడిగాడు, ఆఫీసుకి వెళ్తూ తనని అక్కడ దింపుతావా అని. డబ్బాలో పులిహోర పెట్టుకున్నాడు. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి తోటలో ఓక్ చెట్టు కింద బెంచీ మీద కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చుని ఫోన్లో పేపర్ చదువుతున్నాడు. దూరం నుంచి చూస్తుండగానే టోపీ పెట్టుకున్న ట్రూపర్ (రాష్ట్ర పోలీసు) ఒకతను ఆ దారినే వచ్చాడు. నాన్న గబుక్కున కాళ్ళు దించి, చెప్పులు వేసుకుని, డబ్బా చంకలో పెట్టుకుని లేచి నిలబడ్డాడు. అతను ఎండ గురించి ఏదో అని, చెయ్యి ఊపి ముందుకి పోయాడు. నాన్న అతను మలుపు తిరిగేదాకా నిలబడే ఉన్నాడు. తర్వాత కూర్చున్నాడు. కాళ్ళు పైకి పెట్టుకోవడానికి ఇంకొంచెంసేపు పట్టింది.